మంచుమీది గాలము

చేపలు పట్టుటను గూర్చి యొక యుపాధ్యాయుని భార్య స్త్రీల పత్రికకు వ్రాయుట చూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. నవ్వుకొన్నను సరియే. ఆ నవ్వు తీరిన పిదప దీనిని కడవఱకు చదువుడని మా ప్రార్థన. ఏలయన, ఇందు గాలముకంటె మా పిల్లవాని సంగతియే యెక్కువగా నున్నది.

మా వారు గణితోపాధ్యాయులు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున, ఉత్తరపు దిక్కుననున్న యొక చిన్న యూరి పాఠశాలలో కొన్ని యేండ్లు చదువు చెప్పుటకు వారికి పని దొరికినది. వారి వెంట మేమును, ఆఱేండ్ల మా పిల్లవాడును ఇక్కడకు వచ్చితిమి. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారు వసారాలో కూర్చుండబెట్టి అమరమును, భారతమును, వసుచరిత్రమును చెప్పిరి. గాలమునకు బడిశమని పేరు గలదని యెనిమిదవ యేటనే వల్లించితిమి గాని ఆ బడిశమును చేతబట్టి యెఱుగము. మా పుట్టినూరు కొల్లేటికి దాపు. కొరమీనును, మట్టగిడసను వంటింటి కత్తిపీటకడ చూచినవారమే కాని గట్టున చూచినవారము కాము. గట్టున కూర్చుండి గాలము వేయుట మగపిల్లల పనియని మాయింట తలచెడివారు.

ఇచటి సరస్సులు డిసెంబరు మొదలు మార్చి కడవఱకు గడ్డకట్టి యుండును. జనవరిలో సాయంకాలము నాలుగున్నర గంటలకే ప్రొద్దు క్రుంకును. మొదటి యేడు ఆ నెల మాకు చెఱసాలవలె తోచినది. మాటాడుటకు మనిషి లేదు. మా వారు బడికి పోయిన పిదప కిటికీయే మాకు చుట్టము. మా పొరుగింట డెబ్బదియేండ్లు దాటిన యొక ముసలమ్మగారు ఒంటరిగా నుందురు. ఆమె మమ్ము ఆ కిటికీలో నాలుగుదినములు వరుసగా చూచి, అయిదవ దినమున తలుపు తట్టి, “అమ్మాయీ, లోపల కూర్చుండి చూచినకొలది చలి పెరుగునే కాని తరుగదు. పిల్లవానికి టోపీ పెట్టి నాతో రమ్ము” అనిరి. ఆ రీతిగా మేము మంచుమీదికి పోయితిమి.

సరస్సుమీద నడచుట యనగానే మాకు కాళ్లు వణకినవి. ఆమె ఇనుపగునపముతో అడుగడుగున మంచును పొడిచి చూచి, పిదప మమ్ము నడువనిచ్చిరి. మనుష్యులు నడచుటకు తేటయైన గట్టిమంచు కనీసము 4 అంగుళములైన నుండవలెనని ఇచటి ప్రభుత్వమువారు చెప్పుదురు. అంత యున్నను పూర్తిగా నమ్మదగినదని మాత్రము చెప్పరు. నీరు 4 సెంటిగ్రేడు డిగ్రీలకడ మిక్కిలి బరువుగా నుండుటచే ఆ నీరు అడుగునకు దిగును, మంచు పైన తేలును. కావుననే పైన బండవలె నున్నను క్రింద చేపలు బ్రతికియుండును. వడ్రంగి బర్మావంటి పెద్దసాధనముతో ఆమె మంచులో జేనెడు రంధ్రము తొలిచిరి. నల్లని నీరు పైకుబికి నిలిచినది. మా పిల్లవాడు అందులోనికి తొంగిచూచి, “అమ్మా, బావి!” అని కేక వేసెను.

ఇక్కడివారు బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ మొదలగు అరచేతి పాటి చేపలను పాన్‌ఫిష్ అందురు. అనగా పెనమున నిముడు చేపలు. పెద్దచేపలకై పోటీపడు మగవారు వీనిని చులుకనగా చూతురు గాని, వంటయెఱిగిన ఆడువారి కెవ్వరికిని ఆ చులుకన లేదు. చింతపండు పులుసులో బ్లూగిల్ మా కొల్లేటి చేపకు తీసిపోదు, ముండ్లను మాత్రము ఓపికగా తీయవలెను. ఒక్కొక్కరు దినమునకు 20 సన్‌ఫిష్‌లకు మించి యుంచుకొనరాదని సాధారణ నిబంధన. బ్లూగిల్ ఆ జాతిలోనిదే. కొన్ని సరస్సులలో 5 గాని 10 గాని మాత్రమే. పెద్ద మగచేపలు గూళ్లను కాచునవి గనుక వానినే యేరి తీసికొనిపోయినచో ఆ సరస్సున చేపలు చిన్నవై పోవునట.

ఇక గాలము సంగతి. చలికాలమున చేప దేహము నీటితోపాటు చల్లబడి ఆకలి మందగించును. అది బురదలోని యెఱ్ఱని పురుగులను, కంటికి కనబడీకనబడని నీటిపురుగులను చప్పరించుచు కాలము గడపును. పెద్ద యెరను చూచి తొలగిపోవును. కావున గాలము గింజంత యుండవలెను, దానికి ఈకలు దారముతో కట్టి పురుగువలె చేయవలెను. దీనినే ఫ్లై జిగ్గు అందురు. చిక్కు ఇచ్చటనే యున్నది. గింజంత గాలము తేలిక, ఈక మఱింత తేలిక. ఇరువది అడుగుల లోతునకు అది దిగులోపల మన వ్రేళ్లు కొయ్యబారును. చలికి నూలు చుట్టలు చుట్టుకొని సాగక యుండును. తేలికగాలము దానిని సాగదీయజాలదు. అట్టి వదులు నూలున చేప యెరను పీల్చి మరల ఉమిసినను మన చేతికి తెలియదు. కావున నూలునకు కొంచెము పైన ఒక చిన్న సీసపు గుండును తగిలింపవలెను. ఆ గుండునకు నడుమ చీలిక యుండును, అందు నూలును పెట్టి గుండును నొక్కవలెను.

ముసలమ్మగారు దానిని పండ్లతో నొక్కిరి. ఆమె భర్తయు యావజ్జీవము అట్లే నొక్కెనట. చేతులకు తొడుగులుండగా అదియే సుళువు. మేమును అట్లే నేర్చికొంటిమి. నెలదినములలో మే మెన్ని గుండ్లను పండ్లతో నొక్కితిమో! మా పిల్లవాడు మా ప్రక్కన బకెట్టుపై కూర్చుండి గుండ్ల నందించుచుండెడివాడు. వానిని చేతనుంచుకొనినచో మంచులో పడిపోవుచున్నవని బుగ్గన పెట్టుకొనుట ఎప్పుడు మొదలిడెనో మేము చూడలేదు. ఇది పరులమీద వేయదగిన తప్పు కాదు. వాడు మమ్ము చూచి నేర్చినాడు.

ఫిబ్రవరిలో నొకనాటి రాత్రి అన్నముకడ వాడు, “అమ్మా, ఈవేళ ఒకటి లోపలికి పోయినది” అనెను. ఏమి పోయినదిరా యని యడుగగా తెలిసినది. మా వారి చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయినది. ఆ రాత్రియే నలుబది మైళ్లు మంచుదారిని ఆసుపత్రికి పోయితిమి. ఎక్సురే పటమున మా పిల్లవాని కడుపులో మిరియపు గింజంత తెల్లని చుక్క స్పష్టముగా కనబడినది. లోపలి యామ్లమున సీసము కరగి నెత్తుటిలో కలియునని, అది త్వరగా బయటపడుట ముఖ్యమని వైద్యురాలు చెప్పెను. బిడ్డలకు ఇంత సీసము హాని లేదని చెప్పదగిన కొలతయే లేదట. అమెరికా వ్యాధినివారణ కేంద్రమువారు నెత్తురు డెసిలీటరునకు 3.5 మైక్రోగ్రాములు తేలినచో శ్రద్ధ వహింపవలసినదని 2021లో నిర్ణయించిరి. ఆ విషము బుద్ధిని, చదువును దెబ్బతీయునని వినినప్పుడు, ఎక్కములను ఆడుచు పాడుచు చెప్పు మా వాని ముఖమును చూడజాలక గోడవైపు తిరిగితిమి.

మూడవనాడు ఆ గుండు బయటపడినది. అంతవఱకును మేమే స్వయముగా వెదకుచుంటిమి. తల్లులైనవారికి ఇంతకంటె వివరింపనక్కఱ లేదు. నెత్తుటి పరీక్షలో ఆ 3.5 కొలతకు కొంచెము దిగువనే తేలినది. రెండునెలల పిదప మరల చూడగా ఇంకను తగ్గినది. మా నెత్తుటినిగూడ పరీక్షింపుడని మా వారు బలవంతము చేసిరి, భయపడినంత లేదు.

సంగతి విని ముసలమ్మగారు ఒక్కమాటయైన పలుకలేదు. మఱునాటి యుదయమున మా గడపమీద ఒక రేకుపెట్టె యుండెను. అందు ఆమె భర్త స్వహస్తముతో పోసిన సీసపు గాలము లున్నవి. సీసము 327 డిగ్రీలకే కరగును, పొయ్యిమీద గరిటెలోనే కరగించి అచ్చులలో పోయవచ్చును. ఆ పొగ యెంత చెఱుపో ఆ దినములలో ఎవ్వరు తలచిరి? వానిని ప్రమాదకరమగు చెత్తను తీసికొను జిల్లా కేంద్రమున మా చేతనే యిప్పించిరి. ఒక్కదానిని మాత్రము గాజుసీసాలో మూతవేసి తమ యటుకమీద దాచుకొనిరి. మే మేమియు ననలేదు.

ఆ పిమ్మట మేము టంగ్‌స్టను గాలములను కొంటిమి. బల్బులోని సన్నని తీగగా మన యిండ్లలో చిరకాలము వెలిగిన లోహమే యిది. స్వీడను భాషలో ఆ పేరునకు బరువుఱాయి యని యర్థము. నీటికంటె సీసము 11 రెట్లకు పైగా బరువైనచో, టంగ్‌స్టను 19 రెట్లకు పైబడి బంగారముతో సరితూగును. ఈ సామ్యమును పట్టుకొని బంగారపుకడ్డీ నడుమ దీనిని దాచి అమ్మిన మోసగాండ్రును కలరు. నగలు కొను సోదరీమణులు ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. 3,400 డిగ్రీలు దాటినగాని ఇది కరగదు. కావున దీనిని గరిటెలో పోయుట కాని పని. పొడిగా చేసి, నికెలువంటి మఱియొక లోహముతో కలిపి, అదిమి కాల్చి గట్టిపఱతురు. అందుచేతనే వెల హెచ్చు. సీసపువి డబ్బాకు డబ్బా వచ్చు సొమ్మునకు ఇవి రెండో మూడో వచ్చును. ఉపాధ్యాయుని జీతముపై బ్రతుకు ఇల్లాలికి ఇది చిన్న సంగతి కాదు.

అయినను పని చూచిన పిదప వెల మఱచితిమి. తల పెసరగింజంత యున్నను ఈకలతోగూడ గాలము తిన్నగా అడుగునకు దిగును. రంధ్రమున ముక్కలు ముక్కలుగా తేలు మంచును చీల్చుకొని పోవును. నూలు వీణతంతివలె సాగి నిలుచును. ప్రత్యేకముగ గుండును తగిలించు పనియే లేదు. గాలము అడుగున తగిలినట్లు చేతికి తెలియగానే ఒక్క యడుగు పైకి లాగవలెను. కఱ్ఱకొనను వణికీవణకనట్లు వణకించి, ఆపవలెను. ఆపినప్పుడు ఈక తనంతట తానే ఊపిరి తీసినట్లు కదలును. చేప వచ్చునది అప్పుడే. క్రాపీ యెరను క్రిందినుండి పైకెత్తును గనుక కఱ్ఱకొన వంగుటకు మాఱుగా పైకి లేచును. ఇది తెలియక మొదట మేము పోగొట్టుకొన్నవి పెక్కు.

ఈకలు కట్టినవి మఱింత ప్రియము. అందుచేత బోడిగాలములనే తెప్పించి ఈకలను మేమే కట్టుచున్నాము. ముగ్గుకుట్టు, గొలుసుకుట్టు ఎఱిగిన చేతికి ఇది కష్టము కాదు. మెత్తని టర్కీకోడి నూగును కొంచెము, నెమలియీకలోని పోగులు రెండు దారముతో బిగించి, ముడిపై రంగులేని గోళ్లరంగును ఒక చుక్క వేసినచో నీటిలో ఊడదు. నెమలిపోగు నీటిలో పురుగువీపువలె పచ్చగా మెఱయుటచే ఇక్కడి జాలరులు దానిని మిక్కిలి మెచ్చుకొందురు. మా తాతగారి భారతమున పుటల నడుమ గుర్తుగా నుండినదియు నెమలియీకయే. టంగ్‌స్టనును మాత్రము నోట పెట్టుకొనవచ్చునని యెవ్వరును తలపకుడు. మా యింట ఇప్పుడు గాలపుపెట్టెకు తాళము గలదు, దానిని ముట్టిన చేతిని కడుగక ఎవ్వరును అన్నముకడకు రారాదు. మన యిండ్లలో చారు కాచు సత్తుగిన్నెయందును తగరమునకు మాఱుగా సీసము కలియుట గలదు. నమ్మకమైనచోట కొనుట మేలని మా యమ్మకు వ్రాసితిమి.

ఏప్రిలు నెలాఖరున మంచు విడిచినది. లూన్ పక్షులు దక్షిణపు సముద్రతీరములనుండి తిరిగి వచ్చినవి. నల్లనితల, ఎఱ్ఱనికన్ను గల ఆ పక్షిని ఈ రాష్ట్రమువారు 1961లో తమ రాష్ట్రపక్షిగా నెన్నుకొనిరి. రాత్రి అది కూయుట వినినచో ఎవ్వరో తప్పిపోయిన బిడ్డను పిలుచునట్లుండును. తినిన చేపను అరిగించుకొనుటకు అది సరస్సు అడుగున చిన్నఱాళ్లను ఏరి మ్రింగును. వానితోబాటు సీసపు గుండు ఒక్కటి పోయినను చాలును, ఆ పక్షి చచ్చును. ఇంగ్లాండులో హంసలు ఇట్లు చచ్చుట చూచియే 1987లో చిన్న సీసపు గుండ్ల అమ్మకమును నిషేధించిరి. ఇది చదివిననాడు మేము మా వారిని కాగితమును, కలమును తెమ్మంటిమి. మేము కొన్న గుండ్లెన్ని, మిగిలిన వెన్ని, తెగిన నూలుతో పోయిన వెన్ని యని వారు బడిలెక్కవలె వరుసగా వ్రాసిరి. లెక్కకు రానివి ఇరువదిమూడు. అందు ఒక్కటి మా పిల్లవాని కడుపునుండి తిరిగివచ్చినది. తక్కిన యిరువదిరెండును ఆ సరస్సు అడుగుననే యున్నవి.