చరిత్ర చెరిపేస్తే రెపో తేలికవుతుందా?

రిపాజిటరీ బరువెక్కిందంటే చాలు, ప్రతి టీంలోనూ ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "పాత హిస్టరీ ఎవడు చూస్తాడు బాస్? అంతా లేపేసి, ఇవాళ్టి కోడ్‌తో ఫ్రెష్‌గా ఒక్క కమిట్ పెట్టేద్దాం." మా టీంలోనూ వచ్చింది. క్లోన్ కొట్టి టీకి వెళ్ళొచ్చినా అయ్యేది కాదు మరి!

దీనికి పెద్ద ఉదాహరణే చూపిస్తారు. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ని గిట్‌లో పెట్టినప్పుడు పాత చరిత్ర తేలేదు. తెస్తే 3.2 జీబీ అవుతుందని మొదటి కమిట్ మెసేజ్‌లోనే రాశాడు. కానీ కావాలంటే తర్వాత వేరే రెపోగా పెట్టుకోవచ్చని కూడా అందులోనే అన్నాడు. తర్వాత అలాగే పెట్టారు. పక్కన పెట్టడం వేరు, చెరిపేయడం వేరు.

మా రెపోలో ఏది ఎంత చోటు తింటోందో లెక్క తీశాం. కోడ్ కానే కాదు. ఎప్పుడో ఎవరో పెట్టిన జార్ ఫైళ్ళు, ఒక డేటాబేస్ డంపు. డిలీట్ చేసి ఏళ్ళైనా హిస్టరీలో అలాగే కూర్చున్నాయి. టెక్స్ట్‌ని గిట్ బాగా కుదిస్తుంది గానీ జిప్ చేసిన ఫైళ్ళ దగ్గర దాని పప్పులుడకవు. ఫిల్టర్-రెపోతో వాటిని మాత్రం ఏరేశాం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా!

ఇదీ ఊరికే అయ్యే పని కాదు. ప్రతి కమిట్‌ హ్యాష్‌లో దాని ముందు కమిట్ హ్యాష్ కలిసి ఉంటుంది. పాతది ఒకటి ముట్టుకుంటే ఆ తర్వాతవన్నీ మారిపోతాయి. అందరూ మళ్ళీ క్లోన్ చేసుకోవాల్సిందే. ఒక్కరు పాత క్లోన్ నుంచి మెర్జ్ చేసి పుష్ చేసినా చెత్తంతా తిరిగొస్తుంది. పాస్‌వర్డ్ దాచడానికి హిస్టరీ చెరిపేవాళ్ళు ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. ఇతరుల క్లోన్లలో అది ఉండనే ఉంటుంది.

ఇంత గొడవ ఎందుకంటారా? మా బిల్లింగ్ మాడ్యూల్లో ఒక వింత ఇఫ్ కండిషన్ ఉంది. చూసిన ప్రతివాడికీ తీసేయాలనిపిస్తుంది. బ్లేమ్ కొడితే, ఎప్పుడో మానేసి వెళ్ళిపోయినాయన రాసిన రెండు లైన్లు కనిపిస్తాయి: ఇది లేకపోతే ఫలానా కేసులో కస్టమర్‌కి పన్ను రెండుసార్లు పడుతుందని. ఆయన నంబరు ఇప్పుడు మాలో ఎవరి దగ్గరా లేదు. ఆ రెండు లైన్లే ఉన్నాయి.

కోడ్ ఏం చేస్తుందో చదివితే తెలుస్తుంది. ఎందుకలా రాశారో చాలాసార్లు హిస్టరీలోనే ఉంటుంది. క్లోన్ త్వరగా అవ్వడమే కావాలంటే డెప్త్ 1 పెట్టి తెచ్చుకోండి. సర్వర్లో హిస్టరీని మాత్రం ఉండనివ్వండి.