అరవై మిల్లీసెకన్ల జారు

కృష్ణానగర్‌లో ఓ మూడో అంతస్తు గది. తలుపుకు లోపలివైపు పాత పరుపు కొట్టి ఉంది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. నేను కూర్చోగానే అతను ఏసీ ఆపేశాడు.

"రికార్డింగేమీ లేదు కదా, ఎందుకు ఆపడం?" అన్నాను, అప్పటికే చెమటలు పడుతుంటే.

"వినాలి కదా సార్," అన్నాడు.

అతనిది వరంగల్. సినిమా పాటలకు కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తాడు. సంగీత దర్శకుడు నోటితో 'డుబు డుబు' అని చూపించినదాన్ని సాయంత్రానికల్లా శబ్దం చేసి ఇవ్వడం అతని పని. ఇలా వినికిడిమీద ఒక శబ్దాన్ని మళ్లీ ఎలా పుట్టిస్తారో చూడాలని నాకెప్పటినుంచో సరదా. నాకిష్టమైన రికార్డు ఒకటి పట్టుకెళ్లాను.

చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు, కీబోర్డులు వాయించిన మనిషి. 1982లో హెచ్ఎంవీ ఆయన చేత 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే రికార్డు తెచ్చింది. తబలా లేదు, తంబురా లేదు. ఉన్నవి మూడు రోలాండ్ యంత్రాలు. రాగం జూపిటర్-8 మీద, దరువు టీఆర్-808 మీద, కింద బేస్ టీబీ-303 మీద. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే బృందం 'యాసిడ్ ట్రాక్స్' తెచ్చాక ఆ 303 మూలుగే యాసిడ్ హౌస్ అనే కొత్త సంగీతానికి గుర్తయింది. 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలైతే, ఇది ఐదేళ్ల ముందే బొంబాయిలో పుట్టిందా అని లోకం నోరు వెళ్లబెట్టింది. ఎవరు ముందన్న పంచాయితీ నాకక్కర్లేదు. నాకు కావలసింది భైరవ్ రాగం కింద పాకుతూ పోయే ఆ బేస్. భైరవ్ అంటే మన మాయామాళవగౌళ స్వరాలే. సరళీ వరుసల దగ్గర వాటికోసం నేనూ మొట్టికాయలు తిన్నవాణ్నే.

303ని రోలాండ్ 1981 నుంచి మూడేళ్లు తయారుచేసి ఆపేసింది. బేస్ వాయించేవాడు దొరకని గిటారిస్టుకు తోడుగా ఉంటుందని చేసిన పెట్టె అది. బేస్ గిటారులా అది ఏనాడూ మోగలేదు. ఇప్పుడు అసలుది కొనాలంటే లక్షలు. నకళ్లు బజారులో ఉన్నాయిగా అంటే, "ఉన్నాయి సార్. అవి పెడితే నేను చేసేదేముంది?" అని మామూలు సాఫ్ట్‌వేర్ సింథ్ ఒకటి తెరిచాడు.

ముందు రికార్డులోంచి నాలుగు బార్ల ముక్క కోసి, వేగం సగానికి తగ్గించి, మళ్లీ మళ్లీ తిప్పాడు. 808లోని కిక్ డ్రమ్ దెబ్బ, బేస్ ఒకే లోతులో ఉండి ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి. కిక్ లేని సందులు వెతుక్కుని వినాలి. పావుగంట విని, "సా," అన్నాడు.

షడ్జమం అనుకుని తల ఊపాను. అతను చెప్పింది రంపం సంగతి. రంపపు పళ్లలా ఉండే తరంగాన్ని వీళ్లు సా వేవ్ అంటారు. 303లో ఉన్నవి రెండే తరంగాలు, సా, స్క్వేర్. మూల స్వరం 55 హెర్ట్జ్ అనుకుంటే, సా వేవ్‌లో 110, 165, 220 ఇలా అన్ని గుణిజాలూ ఉంటాయి. స్క్వేర్‌లో 165, 275 లాంటి బేసివే గట్టిగా ఉంటాయి. అందుకే అది బొంగులో ఊదినట్టు డొల్లగా వినిపిస్తుంది. స్క్రీన్ మీద గీతలు చూపించాడు గానీ, అతను తేల్చింది చెవితోనే. గీతలు నా కోసం.

తర్వాత ఫిల్టర్. కటాఫ్ కిందికి దించితే శబ్దం దుప్పటి కప్పుకుంటుంది. రెజొనెన్స్ పెంచితే, ఎక్కడ కోస్తున్నామో సరిగ్గా అక్కడ ముక్కుతో మూలిగినట్టు లేస్తుంది. ఈ రెండింటితో గంటన్నర కుస్తీ పట్టాడు. మధ్యలో కింది బండి నుంచి మిర్చి బజ్జీలు వచ్చాయి. చివరికి ఒక్క స్వరం నొక్కి పట్టుకున్నాడు. రికార్డులోంచి ఊడిపడ్డట్టే ఉంది. అయిపోయిందనుకున్నాను. స్వరాలు పేర్చి ప్లే కొట్టాడు. ఎవరో అద్దె వేషం వేసుకొచ్చినట్టుంది.

"రంగు దొరికింది సార్. నడక దొరకలేదు."

నేను చూడ్డానికి వచ్చింది దీన్నేనని అప్పుడర్థమైంది. 303 మీద వాయించరు. పదహారు మెట్లలో ముందు స్వరాలు, ఆ తర్వాత విడిగా వాటి కాలం నింపుతారు. ఒక్కో మెట్టుకు స్లయిడ్, యాక్సెంట్ అని రెండు గుర్తులు పెట్టవచ్చు. స్లయిడ్ పెట్టిన చోట రెండో స్వరం కొత్తగా మొదలవదు. మొదటిది ఆగకుండా జారి దాన్ని చేరుతుంది. ఫిల్టర్ కూడా మళ్లీ తెరుచుకోదు. అతను ప్రతి స్వరాన్నీ విడిగా మీటించాడు, అదీ తేడా.

"వీణ మీద ఒక్క మీటుతో వేలు జరిపినట్టన్నమాట," అన్నాను హుషారుగా.

అతనికి నచ్చలేదు. "వీణలో ఎంతసేపు జారాలో వేలు చెప్తది సార్. దీంట్లో పక్క స్వరానికైనా పై స్థాయికైనా అరవై మిల్లీసెకన్లే. దూరం ఎక్కువైతే ఉరుకుతది, అంతే." నా పోలికను అలా కోసి పక్కన పెట్టాడు. అతనే రైటు. ఆ బేస్ వింటే మనిషి జారినట్టుండదు, మనిషిని చూసిన యంత్రం జారినట్టుంటుంది. నాకది నచ్చడానికి కారణమూ అదే.

యాక్సెంట్ ఇంకా పెంకిది. గట్టిగా మోగడం ఒక్కటే కాదు, ఫిల్టర్ ఎంత నెమ్మదిగా మూసుకోవాలో చెప్పే డికే నాబ్ ఆ స్వరానికి చెల్లదు, ఫిల్టర్ టక్కున మూసుకుంటుంది. యాక్సెంట్లు వరసగా వస్తే లోపలి కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్లీ నిండుతుంది. దాంతో రెండోది మొదటిదానికంటే, మూడోది రెండోదానికంటే పైకి లేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ కెపాసిటర్ తెలియదు కాబట్టి ప్రతి యాక్సెంట్‌కూ ఫిల్టర్ ఎత్తును చేత్తో గీశాడు. గీసి, విని, చెరిపి, మళ్లీ గీశాడు. ఈ పని రాయడానికి రెండు వాక్యాలు చాలు. చూస్తూ కూర్చున్న నాకు నడుం పట్టేసింది.

రాత్రి తొమ్మిదింటికి కళ్లు మూసుకోమని అసలుది, తనది కలిపి ఎనిమిదిసార్లు వినిపించాడు. ఐదు సరిగ్గా చెప్పాను. పాస్ మార్కులు నావో అతనివో తెలియలేదు. అతను మాత్రం నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాడు. అక్కడ జారు ఉందా, లేక కిక్ కప్పేయడం వల్ల అలా అనిపిస్తోందా అని.

ఫోన్ మోగింది. ఎవరో మాస్ పాట తాలూకు దరువు అడుగుతున్నారు. "పొద్దుగాల పంపిస్తా అన్నా," అని పెట్టేసి, ఫైలు సేవ్ చేశాడు. పేరు చూశాను, 'భైరవ్ బేస్ 14'. ఒక్క క్షణం ఆగి, దాన్ని కాపీ చేసి 15 అని పెట్టి, నాలుగో మెట్టు మీద స్లయిడ్ తీసేశాడు.