నా సైకిలు బేరము



పదునెనిమిదేండ్లు సైకిలు ముట్టని దానను, నా 34వ యేట మరల నొక సైకిలు కొంటిని. కొనుటకు ముందు నేను విచారించిన సంగతులు మీలో నొకరిద్దఱికైన నుపకరించునేమో యని వ్రాయుచున్నాను.

మా తల్లిగారు కాలువ కావలి గ్రామమున నొంటరిగా నున్నారు. మా యింటికి 6 కిలోమీటర్లు. ఆమెకు చక్కెరవ్యాధి ముదిరినది మొదలు దినమున కొకసారియైన జూచి రావలసి వచ్చినది. బస్సు ఉదయ మొకటి, సాయంకాల మొకటి. ఆటోకు పోను రాను 80 రూపాయలు. ప్రైవేటు పాఠశాలలోని యుపాధ్యాయుని జీతములో నది నెలకెంత యగునో మీరే లెక్కించుకొనుడు. మా వారు “వాయిదాలపై స్కూటరు కొందము” అనిరి. అప్పు నాకు సమ్మతము గాలేదు. పైగా బెట్రోలు వేఱు.

మా అత్తగారు మాత్రము “ఈ వయస్సున చీరె గట్టుకొని సైకిలెక్కుదువా? ఊరివారేమనుకొందురే అమ్మాయీ!” యనిరి. సత్యభామ నరకునిపై యుద్ధమునకు బోయిన కథ ప్రతి దీపావళికి నామె నాచేతనే చదివించుకొందురు. ఆ మాట నేననలేదు. ఆమెయే తలచుకొని నవ్వి యూరకుండిరి.

ఆడువారి సైకిలు, మగవారి సైకిలు అను భేదమును నేనంతగా బాటింపను. 1991లో తమిళదేశమందలి పుదుక్కోట జిల్లాలో, అరివొళి ఇయక్కమను అక్షరాస్యతోద్యమముతో బాటు స్త్రీలకు సైకిలు తొక్కుటయు నేర్పిరి. కలెక్టరుగా నుండిన షీలా రాణి చుంకత్ గారు దీనికి మిక్కిలి తోడ్పడిరి. వేలకొలది పల్లె స్త్రీలు నేర్చిరి. ఆడువారి సైకిళ్లు చాలక మగవారివే కొనిరి. నడిమి గొట్టముపై బిడ్డను గూర్చుండబెట్టుకొనవచ్చునని కొందఱు వానినే మెచ్చుకొనిరి. నాకు జంకబిడ్డ లేదు; చీరె యున్నది. కావున వంగిన గొట్టముగల బండినే కోరితిని.

అంగడివాడు గులాబిరంగు గేర్ల సైకిలును ముందునకు దెచ్చెను. గేర్లు ఎత్తుపల్లముల దారికి మేలు. మా డెల్టా నేల యరచేతివలె సమము. అవి చెడినచో బాగుచేయువాడు మా యూర లేడు. గేర్లు లేనిదే చాలునంటిని.

అన్నిటికంటె ముఖ్యము ఎత్తు. సీటుపై గూర్చుండి పెడలు క్రింది కొసకు దిగినప్పుడు మోకాలు కొంచెము మాత్రమే వంగవలెను. ఎక్కువ వంగినచో మోకాళ్లు నొచ్చును. చాలకాలమునకు మరల నెక్కువారు మొదట సీటు దించుకొని, కూర్చున్నచోటి నుండియే రెండు పాదములును నేలకానునట్లు చేసికొనిన భయముండదు. కాలు కుదిరిన పిమ్మట గొంచెము గొంచెముగా బెంచుకొనవచ్చును. నేను పొట్టిదానను. 28 అంగుళముల చక్రములది నాకు మించినది. 26 అంగుళములది సరిపోయెను. చైనును పూర్తిగా గప్పు రేకును, చెఱగు పుల్లలలో జిక్కకుండ వెనుక చక్రమునకు వలయు నుండవలె నని పట్టుబట్టితిని. చక్రము నెత్తి త్రిప్పితిని. అటునిటు నూగక తిరిగినది. బ్రేకు నొక్కి బండిని ముందునకు ద్రోసితిని, చక్రము కదలలేదు.

తొక్కి చూతునంటే అంగడివాడు “మీ వారు చూతురులెండమ్మా” యనెను.

“తొక్కునది నేను గదా” యంటిని.

సందులోనికి దీసికొనిపోయి యెక్కితిని. చేతులు వణకినవి. హ్యాండిలు రెండుమార్లు గోడవైపు లాగినది. మలుపు దాటినంతనే యేదో పాతపాట చరణమువలె నంతయు దానంతట వచ్చినది. వెల 6,500 రూపాయలు; తాళమును గంటయు నందులోనే యిప్పించుకొంటిని. క్యారేజి మాత్రము బలమైనది వేఱుగా బిగింపించితిని, అన్నపు గిన్నెలు మోయవలెను గదా.

రెండు నెలలైనది. పడమటిగాలి యెదురైన నాడు 40 నిమిషములు, కానినాడు అరగంట పట్టును. చక్రములలో గాలి తక్కువైన బండి యీడ్చినట్లుండును గనుక వారమున కొకసారి పంపు కొట్టుచున్నాను. మా అత్తగారు ఆ యూరి తమలపాకులు బాగుండునని దినదినము పురమాయించుచున్నారు. మొన్న ఆదివారము ప్రక్కయింటి కోడలు, మామగారు నిద్రించు వేళ జూచి, సైకిలు ఎరవడిగినది. ఆమె నాకంటె పొడవు. సీటు రెండంగుళములు పెంచి యిచ్చితిని.