తొప్పి మోత, గది మోత

మృదంగంలో కుడివైపు నాదం ఏ గదిలో వాయించినా ఇంచుమించు ఒకేలా వినిపిస్తుంది. తంటా అంతా ఎడమవైపుతోనే. తొప్పికి తడి రవ్వ ముద్ద అంటించి, అరచేతి మడమతో గుమ్కీ తీస్తే వచ్చే ఆ బరువైన మోతని చిన్న గది ఉన్నదున్నట్టు విననివ్వదు.

మా నాన్నగారు కాకినాడలో నలభై ఏళ్ళు గాత్ర కచేరీలకి మృదంగం వాయించారు. చెప్పుకోదగ్గ రికార్డింగు ఒక్కటీ లేదు. ఈసారి న్యూజెర్సీ వచ్చినప్పుడు మా బేస్‌మెంట్‌లో ఆ పని చేద్దామనుకున్నాం. తిరుగు టికెట్టు ఐదు వారాల్లో ఉంది. పావుగంట దాటితే ఆయన ఎడమ మణికట్టు నొప్పెడుతోంది. "మళ్ళీ ఒకసారి వాయించండి" అని ఎన్నిసార్లో అడగలేను.

మొదటిరోజు తీసింది స్పీకర్లలో పెట్టి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. "నిలబడితే వినిపిస్తోందిరా. కూర్చుంటే తొప్పి మీద ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది" అన్నారు.

లెక్కేస్తే ఆయన చెప్పిందే తేలింది. శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు వెళ్తుంది. మా గది ఎత్తు 8 అడుగులు. నేలకీ సీలింగుకీ మధ్య సరిగ్గా సగం అల పట్టే స్వరం 70 హెర్ట్జ్. నాన్నగారి మృదంగం ఒకటిన్నర శ్రుతి. తొప్పి దానికి సుమారు ఒక స్థాయి కింద, అంటే అదే 70 దరిదాపుల్లో. ఆ అల నేల దగ్గరా, సీలింగు దగ్గరా బలంగా ఉండి, నట్టనడుమ, నాలుగడుగుల ఎత్తులో, మాయమవుతుంది. కుర్చీలో కూర్చున్నవాడి చెవులు ఉండేది అక్కడే! అక్కడ కూర్చుని మిక్సింగ్ చేస్తూ, వినపడటం లేదని తొప్పిని పెంచితే కారులో విన్నవాడి గుండెలు అదురుతాయి.

చాలామంది గోడలకి అంగుళం మందం ఫోమ్ అతికిస్తారు. చప్పట్ల ప్రతిధ్వని తగ్గడానికి అది చాలు. పదహారడుగుల పొడవున్న అలకి అది దోమతెరతో సమానం. బేస్ ట్రాప్‌కి మందం కావాలి, వెనక ఖాళీ కావాలి. గోడని ఆనుకున్న చోట గాలి కదలదు. కదిలే గాలినే ఉన్ని పట్టుకోగలదు. అందుకే పలకని మూలకి అడ్డంగా, ఏటవాలుగా పెట్టడం.

ట్రాప్‌లు నాలుగు నిలువు మూలల్లో పెట్టమని అందరూ చెబుతారు. మంచి మాటే, కానీ మా రోగం నిలువుది. నిలువు మూలలో పెట్టిన పలక ఆ అల మీద సరిగా పనిచేసేది పై చివరా, కింది చివరా మాత్రమే. అందుకని ఎక్కువ పలకల్ని గోడ, సీలింగు కలిసే అంచుల వెంట ఎక్కించాం. నాలుగంగుళాల మినరల్ ఊల్, రెండడుగుల వెడల్పు, చుట్టూ పైన్ చెక్క ఫ్రేము. దాన్ని కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు లేకపోతే రాత్రంతా దురదే. పైన చుట్టే గుడ్డలోంచి గాలి ఆడాలి. నోటితో ఊదితే అవతలికి రావాలి. అమ్మ పాత నేత చీరలు రెండు ఆ పరీక్ష నెగ్గాయి. అమ్మకి మాత్రం ఆ పరీక్ష నచ్చలేదు.

'రూమ్ ఈక్యూ విజార్డ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందూ తర్వాతా కొలిచాను. 70 దగ్గర గొయ్యి పూడలేదు, కొంత తగ్గింది. అంత కింది స్వరానికి నాలుగంగుళాలు చేయగలిగింది అంతే. కానీ పై స్వరాల్లో మోత ఈడ్చుకుపోవడం బాగా తగ్గింది. కుర్చీని కూడా నాలుగంగుళాలు దించితే, గుమ్కీ కిందినుంచి పైకి జారడం కూర్చున్నచోటే వినిపించింది.

నాన్నగారు కళ్ళు మూసుకుని విన్నారు. "రవ్వ ఇంకాస్త పడాలి" అన్నారు. అది గది మీద ఫిర్యాదు కాదు.

ఆదితాళం తని పూర్తయింది. పన్నెండు నిమిషాలు. మిశ్రచాపు శనివారం, మణికట్టు ఒప్పుకుంటే.