చిన్న కెమెరాకు పెద్ద ఫలకం

కళాశాల వార్షిక సంచికను చేతికి తీసుకున్న విద్యార్థి మొట్టమొదట చూసేది సంపాదకీయం కాదు, పెద్దల సందేశాలు అంతకన్నా కావు, ఛాయాచిత్రాలు. అందులోనూ తాను నిలబడిన వరుస. తెలుగు చదువరులు సంచికను ఒక అట్ట నుండి, ఉర్దూ చదువరులు రెండవ అట్ట నుండి తెరుస్తారు గాని, ఇరువురూ నడుమ ఉన్న నునుపు కాగితాల వద్దనే కలుసుకుంటారు. సంఘం వారు ఈ ఏడు సంచిక నిమిత్తం జేబులో పట్టే డిజిటల్ కెమెరా ఒకటి కొనదలచినందున, ఆ విషయమై మాకు తోచిన నాలుగు మాటలు విన్నవిస్తున్నాము. విశ్వవిద్యాలయంలో మేము చదివినది సాహిత్యమే, భౌతికశాస్త్రం కాదు. అయినా కొన్నేళ్ళుగా ఫోటోల బాధ్యత మా మీద ఉన్నందువల్ల అవసరమే మాకు గురువై ఈ పాఠం చెప్పినది.

అంగడికి వెళ్ళి చిన్న కెమెరా చూపించమంటే వినవచ్చే మొదటి మాట మెగాపిక్సెళ్ళు, రెండవది జూమ్. కెమెరాలో వెలుగును పట్టే ఫలకం, అనగా సెన్సర్, ఎంత పెద్దదని అడిగితే అమ్మేవారు మన ముఖం వంక ఒకమారు చూసి పెట్టె తిరగవేస్తారు. అక్కడ 1/2.3 అంగుళం అని అచ్చయి ఉంటుంది. ఆ భిన్నం సామాన్యునికి అర్థం కాదు. అర్థం కావలసిన అగత్యం అమ్మేవారికీ లేదు. పూర్వపు టెలివిజన్ కెమెరాలలో ఉండే గాజు నాళికల వెలుపలి వ్యాసాన్ని బట్టి ఏర్పడిన కొలత అది. నాళికలు పోయినవి, కొలత మిగిలినది. నిజానికి ఆ ఫలకం సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. మన చిటికెన వేలి గోరు దానికన్నా పెద్దది. ‘ఒక అంగుళం’ అని పేరు పెట్టుకున్న ఫలకం సైతం 13.2 × 8.8 మిల్లీమీటర్లే, దాని కర్ణం 16 మిల్లీమీటర్లకు మించదు.

ఇంత చిన్న ఫలకంతో వచ్చే ఇబ్బంది ఏమిటి? షాబాదు బండలు పరచిన వాకిలిని తలచుకోండి. తొలకరి చినుకులు మొదలైన క్షణంలో ఒక పెద్ద బండ మీద నూరు చినుకులు, దాని పక్కదాని మీద తొంభై, మరొకదాని మీద నూటపది పడినా అన్నీ ఒకేలా తడిసినట్టు కనబడతాయి. అదే అరచేతి ముక్కలుగా పగలగొట్టిన బండలైతే ఒక ముక్క మీద ఏడు చినుకులు, మరొక ముక్క మీద ఒక్కటి. వాకిలి అంతా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. వెలుగు కూడా ఇలాగే కణాలుగా రాలుతుంది. సగటున 100 కణాలు పడే చోట హెచ్చుతగ్గులు 10 వరకు, అంటే పదవ వంతు. 10,000 పడే చోట 100, అంటే నూరవ వంతు. ఇది ప్రకృతి ధర్మం, తయారీదారు లోపం కాదు. మసక వెలుతురులో తీసిన ఫోటో మీద ఇసుక చల్లినట్టు కనిపించేది చాలామట్టుకు ఈ అసమానతే. బండను ఎన్ని ముక్కలు చేసినా దాని మీద పడిన నీరు పెరగదు కనుక మెగాపిక్సెళ్ళు పెంచినందువల్ల లాభం లేదు. వాకిలి వైశాల్యమే పెరగాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో కుండపోత వాన. అక్కడ ఏ ఫలకమైనా సరిపోతుంది. కాని మన సభలు జరిగేది సాయంత్రం, ట్యూబులైట్ల కింద. ముషాయిరా నాడు మొదటి వరుసలోని నల్ల షేర్వానీల మీద నుండి తిరిగివచ్చే వెలుగు చిరుజల్లు పాటి కూడా ఉండదు.

ఫ్లాష్ ఉన్నది కదా అనవచ్చు. చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగడుగుల దూరంలోని వారిని సున్నం కొట్టినట్టు చేసి, వెనుక వరుసను చీకటికి అప్పగిస్తుంది.

ఈ లోపాన్ని కప్పిపుచ్చటానికి కెమెరా లోపలి గణన యంత్రం ఆ ఇసుకను తుడుస్తుంది. తుడిచేటప్పుడు ఏది ఇసుకో, ఏది మనిషి ముఖరేఖో దానికి సరిగా తెలియదు. మా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన ఒక పెద్దాయనను విద్యార్థులందరూ చాచా అని పిలిచేవారు. ఆయన పదవీ విరమణ సభ పఠన మందిరంలో పొద్దు వాలిన పిదప జరిగినది. 1 కోటి 60 లక్షల పిక్సెళ్ళు కలదని ఘనంగా చెప్పిన ఒక చిన్న కెమెరాతో ఎవరో ఫోటో తీశారు. సంచికలో రెండంగుళాల బొమ్మగా అది బాగానే ఉన్నది. ఏడాది తిరగకముందే ఆయన కాలం చేశారు. కుమారుడు వచ్చి, గోడకు పెట్టుకోవటానికి పెద్దది చేయించి ఇమ్మని అడిగినాడు. చేయించి ఇచ్చాము. గడ్డం తెల్లని ముద్దగా, కళ్ళు రెండు నీడలుగా, చర్మం మైనం పూసినట్టుగా వచ్చినవి. ఆ అబ్బాయి చాలాసేపు చూసి, “అబ్బాకు కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉండేది సార్, ఇందులో రాలేదు” అని మాత్రం అన్నాడు. చుట్టి చంకలో పెట్టుకొని వెళ్ళిపోయినాడు. ఆయనకు ఆ ఇంట్లో వేరే తస్వీరు లేదని మాకు తర్వాత తెలిసినది.

పూర్వం ఈ దుర్గతి లేదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద చిత్రాలు తీశారు. వాటిలో తలపాగా మడతలు సైతం లెక్కపెట్టవచ్చు. అంత భారీ పరికరాలను మనం మోయలేము, నిజమే. కాని 1925లో లైకా కెమెరా వచ్చిన నాటి నుండి చేతిలో ఇమిడే కెమెరాలకు కూడా 24 × 36 మిల్లీమీటర్ల నెగెటివ్ ఉండేది. మన తండ్రులు పెళ్ళిళ్ళకు జేబులో వేసుకు తిరిగిన ఫిలిం కెమెరాల ఫలకం వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. 1972లో కొడాక్ కంపెనీ ప్రవేశపెట్టిన 110 రకం ఫిలిం బొమ్మలు గరుకుగా వస్తాయని అందరూ ఈసడించారు. దాని నెగెటివ్ 13 × 17 మిల్లీమీటర్లు, అంటే 221 చదరపు మిల్లీమీటర్లు. నేటి 1/2.3 అంగుళం ఫలకం ఎంత? 28. మనవారు ఈసడించిన దానిలో ఎనిమిదవ వంతు! ఫిలిం పోయి డిజిటల్ వచ్చినప్పుడు కొలత ఇంతగా కుంచించుకుపోయిన సంగతి మాత్రం ప్రకటనలలో ఎక్కడా కనబడలేదు.

చిన్న కెమెరాలో పెద్ద ఫలకం అసాధ్యమన్న వాదం కూడా నిలువలేదు. 2008లో సిగ్మా వారి డీపీ1 దాదాపు 286 చదరపు మిల్లీమీటర్ల ఫలకంతో వచ్చినది. 2009లో కానన్ వారు తమ జీ10లోని 147 లక్షల పిక్సెళ్ళను తగ్గించి, అంతే కొలత ఫలకం మీద జీ11కు కోటి మాత్రమే పెట్టారు. అంకెల పరుగులో ఒక పెద్ద కంపెనీ వెనకడుగు వేయటం మాకు గొప్పగా తోచినది. 2011లో ఫ్యూజీ వారి ఎక్స్100, 2013లో రికో వారి జీఆర్ చిన్న ఫలకానికి పదమూడు రెట్ల వైశాల్యంతో వచ్చినవి. వీటన్నిటిలో మన పనికి దగ్గరగా ఉన్నది 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మార్గం. ఒక అంగుళం ఫలకం, నాలుగు రెట్ల వైశాల్యం, బరువు 240 గ్రాములు. చొక్కా జేబులో పెట్టుకోవచ్చు.

ఎదురు వాదాలు లేకపోలేదు. ఫలకం పెరిగితే దానికి తగిన కటకమూ పెరగాలి. అందుచేత నలభై రెట్ల జూమ్ ఆశ వదులుకోవాలి. మన హాలులో నలభై రెట్లతో పనేమి? నాలుగడుగులు ముందుకు వేస్తే సరిపోతుంది. ధర ఎక్కువ, ఇది కాదనలేము. ఒక సిలికాన్ పలక నుండి పెద్ద ఫలకాలు తక్కువగా తెగుతాయి, ఒక చిన్న మచ్చకు పెద్ద ముక్కే వృథా అవుతుంది. ఆ సొమ్ము విద్యార్థుల రుసుము నుండి వచ్చేది కనుక సంఘం వారు సంకోచించటం న్యాయమే. మొబైల్ ఫోను చాలదా అని విద్యార్థి మిత్రులు అడుగుతారు. ఫోను వెంటవెంటనే పలు చిత్రాలు తీసి ఒకటిగా కలుపుతుంది. కదలని వాటికి అది మెచ్చదగినదే. షేర్ చదువుతూ చేయి ఎత్తిన కవి, వాహ్ వాహ్ అంటూ లేచిన శ్రోత అందుకోసం ఆగరు. అదీగాక 2022లో షామీ వారు తమ 12ఎస్ అల్ట్రా ఫోనులో ఒక అంగుళం ఫలకం అమర్చటం చూస్తే, ఎంత గణన చేసినా వైశాల్యానికి బదులు దొరకదని ఆ రంగం వారే ఒప్పుకున్నట్టున్నది.

మరి పిక్సెళ్ళు ఎన్ని కావాలి? అంగుళానికి 300 చుక్కల లెక్కన 6 × 4 అంగుళాల బొమ్మకు 22 లక్షల లోపే చాలు; 8.5 × 11 అంగుళాల నిండు పుటకు 84 లక్షలు. కోటి దాటిన ప్రతి కెమెరా మన సంచికకు సరిపోయినట్టే. కనుక ఆ అంకెను పక్కన పెట్టి, ఒక అంగుళానికి తగ్గని ఫలకం, ఎఫ్2కు దగ్గరగా తెరుచుకునే కటకం అడగమని మా మనవి. నిధులు చాలకుంటే అటువంటిదే వాడినది కొన్నా మాకు అభ్యంతరం లేదు.

కొనేముందు అంగడివారిని ఒక సాయంత్రం మన హాలుకు కెమెరా తీసుకురమ్మనవచ్చు. ఆరు దాటిన తర్వాత, ట్యూబులైట్లు వేసి, ఫ్లాష్ లేకుండా చివరి వరుసను తీయించి, పది అంగుళాల వెడల్పున అచ్చు వేయించాలి. ఆ వరుసలో కూర్చున్న వారి పేర్లను వారి స్నేహితులు కాక, ఒకటి రెండు మార్లు మాత్రమే వారిని చూసిన మా వంటి అధ్యాపకులు తడుముకోకుండా చెప్పగలిగిన నాడు డబ్బు చెల్లించవచ్చును.