ఆయుధశుద్ధి

దసరా పండుగనాడు పనిముట్లకు పూజచేయు ఆచారము మనలో చిరకాలముగా నున్నది. వడ్రంగి ఉలికిని, రైతు నాగలికిని, దర్జీ కుట్టుమిషనుకును, నేటి ఉద్యోగి తన కారునకును పసుపుకుంకుమలు పెట్టి, ఒక పువ్వుంచి నమస్కరించును. ఈ యాచారమునందు మాకు ద్వేషము లేదు. కూడు పెట్టు వస్తువును సంవత్సరమున కొకసారియైన గౌరవముతో చూచుట మంచిదే. కాని యా గౌరవము పైపూతతోనే ముగిసిపోయినచో ఎట్టి యనర్థము సంభవింపగలదో 2022వ సంవత్సరమున మేము మా యింటనే, మా భోజనపు బల్లయొద్దనే తెలిసికొంటిమి. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పుకొన్న తప్పు పదిమందికి పనికివచ్చును; దాచుకొన్న తప్పు దాచుకొన్నవానికిని పనికిరాదు.

మేము అమెరికా దేశమునందలి టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు ఉత్తరముగా నున్న యొక చిన్న యూర చాల యేండ్లుగా కాపురము చేయుచున్నాము. అచ్చట తుపాకి అపురూపమైన వస్తువు కాదు. పొలముగల ప్రతి యింటను గొడ్డలివలె, పారవలె అదియు నొక మూలనుండును. మా యమ్మాయి స్నేహితురాండ్రు సెలవుదినములందు గురికొట్టుట నభ్యసించుచుండగా, తానును నేర్చుకొందునని యడిగెను. మేము చాలదినములు తటపటాయించి, తుదకు ఒక దుకాణమున, చట్టప్రకారము జరుగవలసిన విచారణ జరిగిన పిమ్మట, ఒకరు వాడిన .22 రైఫిలును కొంటిమి.

ఈ రైఫిలు స్వభావము కొంత తెలియనిదే తరువాతి కథ బోధపడదు. ఇందు వాడు తూటా మిక్కిలి చిన్నది. పొడవు ఒక యంగుళము, దాని కొననున్న సీసపుగుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు. పెద్ద తూటాలలో నిప్పుపుట్టించు మందు అడుగుభాగమున నడుమ నుండును. దీనియందు అట్లుగాక, అడుగుచుట్టునున్న బోలు అంచులో నుండును. రైఫిలులోని సూది ఆ యంచును నొక్కగనే మందు రగులును. అందుచేతనే దీనికి రిమ్‌ఫైరు తూటా యని పేరు. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ చిన్న రివాల్వరుతోబాటు ఈ జాతి తూటాను అమ్మకమునకు తెచ్చిరి. నేడు లోకమంతట వాడబడు లాంగ్ రైఫిలు అను రకము 1887లో పుట్టినది. ధర తక్కువ, భుజమునకు తగులు ఎదురుదెబ్బ తక్కువ. కనుక నేర్చుకొనువారికి అనుకూలము.

మేము కొన్నది సెమీ ఆటోమేటిక్ రైఫిలు. అనగా మీట నొక్కిన ప్రతిసారియు ఒక్క గుండే పేలును గాని, కాలిన డొల్లను వెలుపలికి విసరి క్రొత్త తూటాను లోనికి తెచ్చుకొను పని యంత్రమే చేసికొనును. జాన్ బ్రౌనింగు కల్పించిన ఇట్టి రైఫిలొకటి 1914లో బెల్జియము నుండి వెలువడినది. 1964లో రూగరు వారు తెచ్చిన రైఫిలు ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. వీనియందు గొట్టపు వెనుకద్వారమును మూయు బోల్టు అను ఇనుపదిమ్మకు గడియ యేదియు లేదు. దాని బరువును, దాని వెనుకనున్న స్ప్రింగును మాత్రమే దానిని నిలిపియుంచును. తూటా పేలగనే వాయువు గుండును ముందుకు త్రోయుచు, డొల్లను వెనుకకు త్రోయును. డొల్ల బోల్టును నెట్టును. బోల్టు ముఖముననున్న చిన్న కొక్కెము డొల్లయంచును పట్టి లాగును. ప్రక్కనున్న ఇనుపకొన తగిలి డొల్ల వెలుపలికి ఎగిరిపోవును. పిదప స్ప్రింగు బోల్టును ముందుకు తెచ్చునపుడు, అది మ్యాగజైను నుండి మఱియొక తూటాను త్రోసికొని, ఏటవాలు దారివెంట చాంబరులోనికి చేర్చును. ఇంత పనికిని మూలధనము ఆ చిన్న తూటాలోని పిడచెడు మందే. కావున దారిలో ఏ కొంచెము జిడ్డు అడ్డుపడినను ఆ బలము చాలదు.

మొదటి నాలుగు నెలలు రైఫిలు చక్కగా నడచెను. తరువాత చిక్కులు మొదలయ్యెను. ఒకమారు క్రొత్త తూటా ముక్కు చాంబరు అంచునకు గ్రుద్దుకొని వంగిపోవును. ఒకమారు కాలిన డొల్ల వెలుపలికి పోలేక ద్వారమున నిలువుగా ఇరుకుకొనును. అచ్చటివారు దీనిని పొయ్యిగొట్టమందురు. ఇట్టి ప్రతిసారియు మేమొక దోషిని కనిపెట్టితిమి. తూటాలు చౌకరకమంటిమి; మ్యాగజైను అరిగినదంటిమి; ముందు వాడినవాడు పాడుచేసి అమ్మెనంటిమి. మందుమాత్ర మొక్కటే: నూనె. ఆగినప్పుడెల్ల నాలుగు చుక్కలు పోసితిమి. మరల ఆగిన మరి నాలుగు పోసితిమి. ఆ యేటి దసరాకు రైఫిలు మడమకు కుంకుమబొట్టు పెట్టి, పైనంతటను నూనె రాచి, తళతళ మెరయుచుండగా చూచి తృప్తిపడితిమి.

పండుగ వెళ్లిన శనివారము ఒక మిత్రుని పొలమున యాభై తూటాలు కాల్చగా అందు తొమ్మిది చిక్కుపడినవి. చివరిసారి డొల్ల ద్వారమున ఇరుకుకొనగా విసుగుతో దానిని విదిలించి పడవేసి, మ్యాగజైనును ఊడదీసి, రైఫిలును సంచిలో పెట్టి యింటికి తెచ్చితిమి. తెచ్చినవారము నేరుగా భోజనపు బల్లమీద పరుండబెట్టి నూనెసీసా తీసితిమి. బల్లకు ఆవలివైపున మా యమ్మాయి లెక్కలు చేసికొనుచుండెను.

మా యిల్లాలు వంటయింటి గడపలో నిలిచి, “ఏమండీ, అది ఖాళీయేనా?” అని యడిగెను.

మ్యాగజైను తీసివేసితిమి గదా యంటిమి.

“నేనడిగినది అది కాదు. లోపల చూచినారా?”

చూడలేదు. చూడలేదనుటకు మనసొప్పక, ఆమె సందేహము తీర్చువారివలె బోల్టును వెనుకకు లాగితిమి. లోపలినుండి పేలని తూటా యొకటి ఎగిరి బల్లమీద పడి, దొర్లుకొనుచు పోయి ఊరగాయ జాడీకి తగిలి నిలిచెను. రైఫిలు మూతి అంతవరకు ఎవరివైపు చూచుచుండెనో వేరుగ చెప్పనక్కరలేదు. మా యమ్మాయి కలము క్రిందపెట్టి ఆ తూటాను చూచెను. పిమ్మట మమ్ము చూచెను. ఆ చూపు మేము మరచునది కాదు.

జరిగినదేమన, ఇరుకుకొన్న డొల్లను విదిలింపగనే బోల్టు ముందుకు దుమికి, మ్యాగజైనులోని తరువాతి తూటాను చాంబరులోనికి చేర్చినది. ఆ పిదప మ్యాగజైనును తీసిన నేమి లాభము? ద్వారము తెరచి లోపలికి పోయినవాడు పోయియేయున్నాడు. మేము వాకిట నున్నవారిని మాత్రమే పంపివేసితిమి. మైలునకు పైగా పోగల ఆ గుండునకు మా బల్ల వెడల్పు ఏపాటి?

మరునాడు పొరుగున నున్న ముసలిరైతు నొకనిని పిలిచి సంగతియంతయు చెప్పితిమి. అతడు మమ్ము మందలింపలేదు. మూతిని గోడవైపు త్రిప్పి, మ్యాగజైను లేదని చూచి, బోల్టును వెనుకకు లాగి పట్టి, చాంబరులోనికి కంటితో చూచి, చిటికెనవ్రేలి కొనతో తడిమిచూచెను. పిదప మా చేతికిచ్చి మమ్మును అట్లే చేయుమనెను. “నేను చూచితిని గదా యని మీరు మానరాదు” అనెను. తరువాత, చిక్కు ఎన్నవ తూటాకు వచ్చుచున్నది, ఏ మ్యాగజైనుతో, ఏ రకపు తూటాతో అని యడిగెను. ఒక్క ప్రశ్నకును మాయొద్ద జవాబు లేదు. నాలుగు నెలలు రోగి నాడి చూడకయే మందు త్రాగించుచుంటిమన్నమాట!

అతని మాటప్రకారము మా యమ్మాయి యొక నోటుపుస్తకము తెరచెను. మాకున్న రెండు మ్యాగజైనులకును 1, 2 అని గుర్తులు పెట్టితిమి. సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగముగల తూటాలొక పెట్టె, సుమారు 1,250 అడుగుల వేగముగలవి యొక పెట్టె తెచ్చి, ఒకమారు ఒక్క సంగతినే మార్చుచు పరీక్షించితిమి. రెండు మ్యాగజైనులతోను చిక్కులు సమానముగనే వచ్చెను. కనుక మ్యాగజైను దోషి కాదు. వేగము హెచ్చుగల తూటాలతో చిక్కులు తగ్గెను గాని పోలేదు. దీనినిబట్టి బోల్టు వెనుకకు పూర్తిగా పోలేకున్నదనియు, దానిని లోపల నేదో పట్టుకొనుచున్నదనియు తేలెను. ఒక గంట పరీక్షతో తేలిన యీ సంగతికై మేము నాలుగు నెలలు ముగ్గురిని నిందించితిమి.

రైఫిలు విప్పిచూడగా లోపల కాటుకయు జిగురును కలిపి నూరినట్టి ముద్ద కనబడెను. కాలిన మందు మసి, సీసపు పొడి, గుండుపైనుండు మైనపుపూత – ఈ మూటికిని మేము పోసిన నూనె తోడై పేరుకొన్నవి. కొక్కెము క్రింద మసి గట్టిపడుటచేత అది డొల్లయంచును పట్టజాలకుండెను. చాంబరు లోపల మైనపు వలయ మేర్పడియుండెను. స్ప్రింగు కడ్డీ జిగటగా నుండెను. మా యిల్లాలు దానిని చూచి, “మా యమ్మ కుట్టుమిషనుకు నూనె వేయుటకు ముందు అడుగున చేరిన దారపునూగు అంతయు తీసెడిది. మీరు నూగుమీదనే నూనె పోసినారు” అనెను. ముసలిరైతు గంటసేపు చెప్పినదంతయు ఈ రెండు మాటలలో నున్నది.

శుద్ధిచేసిన క్రమమిది. తూటాలను వేరొక గదిలో పెట్టి తాళము వేసితిమి. బోల్టు ముఖమును, కొక్కెము క్రిందిభాగమును పాత పండ్లకుంచెతోను, కొయ్యపుల్లతోను, మురికిని కరగించు ద్రావకముతోను తోమితిమి. చాంబరును కంచుతీగల కుంచెతో త్రిప్పి తోమి, గుడ్డముక్కలు తెల్లగా వచ్చువరకు తుడిచితిమి. గొట్టమును వీలైనచో చాంబరువైపునుండియే శుభ్రపరుపవలెను. రైఫిలు కట్టుబడివలన అట్లు వీలుకానిచో, కడ్డీ మూతి అంచును రాయకుండ అడ్డు పెట్టుకొని మెల్లగా చేయవలెను. ఏలయన గుండు గురి ఆ యంచుమీద నాధారపడియున్నది. మ్యాగజైనులను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వానికి నూనె తగులనీయలేదు. చివరకు బోల్టు జారు దారులమీద రెండే చుక్కలు వేసి, వ్రేలికి తగిలియు తగులనట్లుండువరకు తుడిచితిమి. ఉన్నదానిని తీసివేయుటకు రెండు గంటలు పట్టెను. క్రొత్తగా చేర్చుటకు అర నిమిషము చాలెను.

ఈ పని భోజనపు బల్లమీద చేయలేదని వేరుగ చెప్పవలయునా? ఆ మసిలో సీసము కలదు. పిల్లల రక్తమున సీసము ఇంతవరకుండిన హానిలేదని చెప్పదగిన హద్దేదియు లేదని వైద్యులు చెప్పుచున్నారు. కావున కారు నిలుపు కొట్టమున, చేతులకు తొడుగులు వేసికొని, పని ముగిసిన పిదప గుడ్డపేలికలు పారవేసి, సబ్బుతో చేతులు కడిగికొని, బట్టలు మార్చుకొని గాని వంటయింట అడుగుపెట్టలేదు. మడి యనునది ఎవరు తాకినారను దానిలోగాక, ఏమి తాకినదను దానిలో నున్నచో ఎంత యర్థవంతమగునో ఆనాడు తెలిసినది.

తరువాతి శనివారము నూరు తూటాలు కాల్చితిమి. ఒక్కటి మాత్రము పేలలేదు. అంచులో మందు సమముగా లేని తూటా ఎప్పుడైన నొకటి వచ్చుచుండును. మా యమ్మాయి మూతిని గురివైపే యుంచి, ముప్పదివరకు లెక్కపెట్టి, అప్పుడు బోల్టును లాగి దానిని తీసెను. మేము ప్రక్కన నిలిచి యుంటిమేగాని ఆమెకు చెప్పవలసినదేమియు లేకపోయెను. తక్కిన తొంబదితొమ్మిదియు ఒక చిక్కైనను లేక నడచెను.

చదువరులారా, మీలో ననేకుల యింట రైఫిలుండదు; ఉండనక్కరయు లేదు. కాని కుట్టుమిషనున్నది, గ్రైండరున్నది, వంటగ్యాసు పొయ్యి యున్నది. అవి మొరాయించినపుడు మనము ముందుగా చేయు పనియేమి? అమ్మినవానిని తిట్టుట, తట్టుట, నూనె పోయుట. లోపల చూచుట చివరిపని. మెరయు పైభాగమును చూచి లోపల బాగుగనే యున్నదనుకొనుట మనకు యంత్రములయందే కాదు, తక్కిన వ్యవహారములందును అలవాటైపోయినది. దీనికంటె చెడ్డయలవాటు మరియొకటి కలదు. “చూచినారా?” అని యింటిలోని యాడుదియో పిల్లవాడో అడిగినపుడు, దానిని మన తెలివికి కలిగిన అవమానముగా నెంచుట. ఆనాడు మా యిల్లాలు రెండవసారి అడుగకయున్నచో నేమగునో తలచుకొనుటకును మాకు ధైర్యము చాలదు. ఆమెకు రైఫిలు సంగతి తెలియదు, తెలియదనియే యడిగెను. మాకు తెలియునను నమ్మకమే మమ్ము అడుగనీయలేదు.

2023వ సంవత్సరపు దసరాకును పూజ చేసితిమి. ముందటి దినమున మా యమ్మాయి రైఫిలును శుద్ధిచేసి, బోల్టు తెరచి, లోపలినుండి తాళపుతీగ దూర్చి బిగించెను. తూటాలు వేరొక గదిలో తాళములో నుండెను. కుంకుమభరిణతో వచ్చిన మా యిల్లాలు మరల అదే ప్రశ్న యడిగెను. ఈసారి మేము జవాబు చెప్పలేదు. తెరచియున్న చాంబరును దీపము వైపు త్రిప్పి చూపితిమి. ఆమె వంగి చూచి, అటుపిమ్మట బొట్టు పెట్టెను.