రంగము వంట

గడచిన వేసవి సెలవులలో మా వారికి చెన్నపట్టణమున మూడు దినముల పని తగిలినది. బడిపంతులింట ప్రయాణమనగా ఎన్నడో గాని రాని పండుగ గదా! మేమును వెంట బయలుదేరితిమి. మా చిన్ననాటి చెలి వాషర్‌మన్‌పేటలో కాపురమున్నది. సముద్రమును, దేవాలయములను గూర్చి యందఱును వ్రాయుదురు. మేమొక సాయంకాలము చెలితోగూడి తిన్న ఫలహారమును గూర్చి వ్రాయుచున్నాము. సోదరీమణులు నవ్వక చదువుదురుగాక.

పారీస్ కార్నరు దాటి సముద్రము దెసకు నడచినచో సెకండ్ లైన్ బీచి యను వీధి కలదు. దానికి చేరువనే బర్మా బజారు. ఈ చోటికిని బర్మాకును సంబంధమేమందురా? మన పెద్దలు రంగూనును రంగమనెడివారు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయిన తెలుగువారికి అచ్చట కోరంగీలని పేరు వచ్చినది. 1942లో జపానువారి దండయాత్రకు జడిసి లక్షలమంది భారతీయులు తిరిగివచ్చిరి; పెక్కుమంది కాలినడకనే వచ్చిరి. నిలిచినవారిలో ననేకులు, 1962లో సైన్యము అధికారమును గైకొని వర్తకములను జాతీయము చేసిన పిమ్మట, 1964 మొదలు ఓడలలో తరలివచ్చిరి. నగలును రొక్కమును చాలవఱకచ్చటనే విడువవలసివచ్చెను. వంట నేర్చిన చేతులు మాత్రము వెంట వచ్చినవి. ఆ చేతి వంటయే యీ వీధిలో బండ్లమీదను, చిన్న దుకాణములలోను నేటికి నమ్ముచున్నారు.

మా చెలి యమ్మమ్మయు అట్లు వచ్చినదే. విశాఖపట్టణమున మా యింటి ప్రక్కనే వారుండిరి. మాకు పదేండ్ల వయసున ఒకనాడామె గిన్నెనిండ నేదో కలిపి పంపినది. మా తండ్రిగారు మాకింటనే భారత భాగవతములు చెప్పుచున్న దినములవి. అన్నమును నిందింపరాదని నేర్చిన నోటితోనే "వానపాములు!" అని నవ్వి, ఎవరును చూడకుండ ములగచెట్టు క్రింద పారబోసితిమి. కనుక ఆ సాయంకాలము చెలి "మా అమ్మమ్మ వంట తిందువు రమ్ము" అనగానే మా గుండె గతుక్కుమన్నది.

దుకాణమున నాలుగు బల్లలు మాత్రమున్నవి. ముందరి పళ్ళెములో నారింజవన్నె గల లావుపాటి నూడుల్సు కుప్పగా నున్నవి. దుకాణదారుడు గుప్పెడు తీసి గిన్నెలో వేసి, సన్నగా తరిగిన క్యాబేజి, పచ్చి యుల్లి, వేయించిన యుల్లి, కారము, ఉప్పు, చింతపండు పులుసు, వెల్లుల్లి కాచిన నూనె చేర్చి, కరకరలాడు అప్పచ్చులను నలిపి పైన చల్లి, మనము పులిహోర కలిపినట్లే చేతితో కలిపినాడు. దీని పేరు అతో. బర్మాభాషలో చేతితో కలిపిన దానిని అథోక్ అందురు; ఆ మాటయే యిట్లు మారినది. ప్రక్కన అరటిదూట వేసి కాచిన వేడి చారు. బర్మాలో మొహింగా యను చేపల పులుసున గూడ అరటిదూట వేయుదురు.

"గ్రుడ్డు వలదంటిని. చారులో చేప లేదు, అడిగితిని. నిర్భయముగ తినుము" అన్నది చెలి.

"అమ్మమ్మ పంపిన గిన్నె జ్ఞాపకమున్నదా?" అని మేమే కదిపితిమి.

ఆమె చేయి ఆగినది. "ఉన్నది. ములగచెట్టు క్రింద పారబోసితివి. గోడమీదినుండి చూచితిని."

పాతికేండ్లుగా నెవరును చూడలేదనియే మేమనుకొనుచుంటిమి. "అమ్మమ్మతో చెప్పితివా?"

"ఎట్లు చెప్పుదును? గిన్నె వట్టిదిగా పంపరాదని మీ యమ్మగారు నాలుగు నిమ్మకాయలు వేసి పంపిరి. దీనిమీద నిమ్మకాయ పిండవలెనని గూడ వారికి తెలిసినదే యని అమ్మమ్మ పొంగిపోయినది. మరల పంపబోయినప్పుడెల్ల మీ యింట వ్రతమనియో మడి యనియో చెప్పి నేనే ఆపితిని."

మేమేమియు ననలేక పళ్ళెములోనిది తుదివఱకు తింటిమి. పులుపు, కారము, నడుమ కరకర. నిజము చెప్పవలెనన్న మిక్కిలి రుచిగా నున్నది. అదియే మఱింత బాధించినది.

ఇంటికి వచ్చిన పిదప దీనిని మేమే చేసితిమి. గోధుమ నూడుల్సు ఉడికించి, వార్చి, చల్లార్చి నూనె రాయవలెను. పులుసు చిక్కగా నుండవలెను. అప్పచ్చులు తినబోవు క్షణముననే చల్లవలెను, లేకున్న మెత్తబడును. నిమ్మకాయ తుదిని పిండవలెను.

పొరుగింటినుండి వచ్చినది తినుటయు మానుటయు వారివారి యాచారమును బట్టి యుండును. నవ్వుట మాత్రము కూడదని మా పిల్లలకీ కథ చెప్పితిమి. "ఆ అమ్మమ్మకు నిజము తెలియలేదు గదా, అమ్మా?" అని మా చిన్నది యూరటతో నడిగినది. తెలియలేదు. తెలిసియుండిన, క్షమింపుమని యడుగుటకైన మాకు వీలుండెడిది.